ఇంటికి తిరిగి రాని యల్లాప్రగడ సుబ్బారావు

ప్రతి జనవరిలో మన ఫోన్లకు ఒక మెసేజ్ వస్తుంది. పాత నలుపు తెలుపు ఫోటో, దాని కింద పెద్ద అక్షరాలు. ఈ తెలుగువాడు కేన్సర్‌కి మందు ఒక్కడే కనిపెట్టాడని, తెల్లవాళ్ళు ఆయన నోబెల్‌ని దొంగిలించారని, మనవాడైతే పది మందికి పంపమని. పోయిన జనవరిలో నాకు అది ఏడు గ్రూపుల నుంచి వచ్చింది. అల్ దోహా అల్ జదీదాలో ఒక చిన్న మందుల షాపులో పనిచేస్తాను. ఆయన ప్రయోగశాల నుంచి వచ్చినవో, వాటి సంతతివో అయిన మందులు రోజూ నా చేతుల మీదుగా వెళ్తుంటాయి. ఆ మెసేజ్‌లో సగం నిజమే. కానీ అసలు కథ దానికంటే గట్టిది, కొంచెం బాధాకరమైంది కూడా. ముఖ్యంగా ఇల్లు వదిలి వచ్చిన మనలాంటి వాళ్ళకు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ, ఇంట్లో ఏడుగురు పిల్లలు. తండ్రిది చిన్న ఉద్యోగం, పైగా అనారోగ్యం. ఇల్లు గడవడమే కష్టం. పిల్లాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇంట్లోంచి బయల్దేరితే, తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. మన ఇళ్ళల్లో పదో తరగతి తప్పిన పిల్లల్ని ఎన్నేసి మాటలంటామో గుర్తుచేసుకుంటే, వెంకమ్మగారి ఓపిక ఎంతటిదో అర్థమవుతుంది. చదివించడానికి ఆమె నగలు కూడా అమ్మింది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉండగా మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్ళింది. సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్ పెద్దలు కూడా వైద్యం చదివి సేవ చెయ్యమనే చెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. మిత్రులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ ఖర్చు భరించారు. 1919లో ఆ మూర్తిగారి అమ్మాయి శేషగిరితోనే పెళ్ళయింది. ఆ రోజుల్లోనే గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. ఎం.బి.బి.ఎస్. రావాల్సినవాడికి దానికంటే తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. వచ్చింది. ఆ ఒక్క కాగితం వల్ల మద్రాసులో మంచి ఉద్యోగాల దారి మూసుకుపోయింది.

ఇక్కడ ఒక రోగం గురించి చెప్పాలి. మెసేజ్‌లలో ఇది ఉండదు గానీ, నా దృష్టిలో ఈ జీవితానికి అదే కీలకం. ఇంగ్లీషు వైద్యంలో ట్రాపికల్ స్ప్రూ అంటారు. మన వైద్యంలో గ్రహణి అనే జబ్బుకి దగ్గరగా ఉంటుంది. విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటికి పట్టదు, నాలుక పుండు పడుతుంది, రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో ఈ జబ్బుతోనే పోయారు. తర్వాత ఆయనకీ పట్టుకుంది. అల్లోపతి చదివిన ఈ డాక్టరుని మంచం మీద నుంచి లేపింది ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. కోలుకున్నాక మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. మూలికలో పనిచేసేది సరిగ్గా ఏ పదార్థం, దాన్ని విడదీసి తూకం వేసి చూపించగలమా అనే ప్రశ్న ఆయన మనసులో అక్కడే నాటుకుంది. దానికి జవాబు వెతకడానికి కావలసిన ప్రయోగశాల అప్పుడు మన దగ్గర లేదు.

అమెరికా వెళ్ళాలనుకున్నాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ సాయం చేసింది, మిగతాది మామగారు సర్దారు. 1923 నాటికి బోస్టన్‌లో, హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌లో ఉన్నాడు. బయల్దేరేనాటికి శేషగిరి గర్భవతి. చదువు ముగిస్తే వచ్చేస్తాడని ఇంట్లో అందరూ అనుకున్నారు.

మన డిగ్రీతో అక్కడ వైద్యం చేయడానికి వీల్లేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశాడు. ఇక్కడ గల్ఫ్‌లో కూడా ఊళ్ళో డిగ్రీ చదివి వచ్చి హెల్పర్ పని చేస్తున్నవాళ్ళు మన చుట్టూ చాలామంది. వాళ్ళకి ఈ భాగం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ 1923లోనే అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా, అంటే ఆయన పరిశోధనా జీవితంలో దాదాపు అంతటా, సుబ్బారావు అక్కడ పరాయివాడే. మనకి ఇక్కడ ఐడీ కార్డు రెన్యువల్ తేదీ దగ్గరపడితే ఉండే గుబులు ఆయనకి ఇరవై ఏళ్ళకు పైగా ఉందన్నమాట.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపితే, మరో రసాయనం తోడై, ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఇంత సులువైన పని కాబట్టే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆసుపత్రి ల్యాబుల్లోనే కాదు, గింజల్లో, ఆకుల్లో భాస్వరం లెక్క తేల్చే వృక్షశాస్త్రం వాళ్ళు కూడా దశాబ్దాల పాటు ఈ పేరు రాసుకుంటూ వచ్చారు. డి.ఎం.ఎల్.టి. చదివిన మనవాళ్ళు కొందరు ఈ పేరు చదివే ఉంటారు, అందులో రెండో సగం భీమవరం అని తెలియకుండా.

ఆ కొలత చేతికొచ్చాక కండరాన్ని వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా అదే పదార్థం దగ్గరికి వచ్చారు. 1929లో ఏటీపీ. మనం చెయ్యి ఎత్తినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీదే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దీన్ని కనిపెట్టాడు. ఏటీపీని ఒక్కడే కనిపెట్టాడని రాసే మెసేజ్‌లు లోమన్‌ని మింగేస్తాయి, ఫిస్క్‌ని మింగేస్తాయి. సముద్రానికి అటూ ఇటూ ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే చోటికి రావడం విజ్ఞానశాస్త్రంలో మామూలే. దానివల్ల మనవాడి విలువ పైసా తగ్గదు.

ఫిస్క్‌తో పని సాఫీగా సాగలేదు. సుబ్బారావు విడదీసిన న్యూక్లియోటైడ్లు కొన్ని బయటి ప్రపంచానికి చేరలేదని, వాటిని ఏళ్ళ తర్వాత ఇతరులు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందని, దానికి ఫిస్క్ అసూయే కారణమని తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడ్డాడు. హిచింగ్స్ కూడా ఆ ప్రయోగశాలలో పనిచేసినవాడే కాబట్టి ఆ మాటకి బరువుంది. 1930లో పీహెచ్‌డీ వచ్చినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ లేబరేటరీస్ అనే మందుల కంపెనీకి మారాడు. కొద్ది కాలానికే అక్కడ పరిశోధనకి డైరెక్టరయ్యాడు. మిగిలింది ఎనిమిదేళ్ళే. ఆయన వల్ల మనకి దక్కినదంతా దాదాపు ఆ ఎనిమిదేళ్ళదే.

మొదట ఆకు సంగతి. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గడం చూసింది. అందులో ఉన్నదేమిటో ఎవరికీ తెలియదు. 1941లో టెక్సస్‌లో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీదుగా దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల కూరకి చిటికెడు వస్తే రోగులకి ఏం సరిపోతుంది? దాని నిర్మాణం తేల్చి, ఫ్యాక్టరీలో తయారు చేయగలగాలి. 1945లో లెడర్లీలో సుబ్బారావు బృందం ఆ పని చేసింది. ఆ పేపర్ మీద పదిహేను మందికి పైగా పేర్లు ఉన్నాయి. ఆయన పేరు అక్షర క్రమంలో ఎక్కడ పడాలో అక్కడే, మధ్యలో ఉంది. బాస్ పేరు ముందో చివరో వేసుకునే అలవాటు తెలిసినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదని తెలుస్తుంది.

మన ఊళ్ళో గర్భిణులకి అంగన్‌వాడీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండో మందు అదే. 1991లో బ్రిటన్ వాళ్ళు నడిపిన పెద్ద అధ్యయనంలో, అంతకు ముందు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ లోపం మళ్ళీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది. ఆ వెన్నెముక మూసుకునేది గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లో, చాలామందికి గర్భం సంగతే తెలియని రోజుల్లో. అందుకే పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు ముందు నుంచే వేసుకోవాలి. సెలవుకి ఊరెళ్ళే కొత్త పెళ్ళికొడుకులు అత్తర్లు, చాక్లెట్లు కొంటారు. ఈ మాత్రల పట్టీ గురించి మీ డాక్టర్ని ఒక మాట అడగండి, అర సూట్‌కేసు బరువు కూడా ఉండదు. వృక్షశాస్త్రం వాళ్ళు కూడా ఈ ఆకు మందుని వదల్లేదు. 2007లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు గింజలోనే ఫోలేట్ ఎక్కువగా ఉండే వరిని జన్యు మార్పిడితో తయారు చేసి చూపించారు. వరి అన్నం తప్ప మరొకటి ఎరుగని మన డెల్టాల నుంచి వెళ్ళిన మనిషి పని మళ్ళీ వరి దగ్గరికే చేరింది.

ఇప్పుడు మెసేజ్‌లలోని కేన్సర్ మందు. కణం చీలి రెండు కావాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. లుకేమియా కణాలు ఆగకుండా చీలుతుంటాయి. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు ఇస్తే లుకేమియా తగ్గకపోగా ఎగదోసినట్టయిందని గమనించాడు. అయితే దీనికి విరోధి ఇస్తే? చూడ్డానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉండి, కణాన్ని మోసం చేసి, పని చెయ్యని తాళంచెవి లాంటి పదార్థం. సుబ్బారావు బృందం అలాంటివి తయారు చేసి పంపింది. వాటిలో ఎమినోప్టెరిన్ అనే దాన్ని తయారు చేసిన బృందంలో డోరిస్ సీగర్ అనే రసాయన శాస్త్రవేత్త ముందున్నారు. 1948 జూన్‌లో ఫార్బర్ పదహారు మంది పిల్లల ఫలితాలు ప్రచురించాడు. పదిమందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, ఆ పిల్లలు దక్కలేదు. కానీ అంతవరకూ లుకేమియా వస్తే చేసేదేమీ లేదు. ఈనాడు ధనిక దేశాల్లో ఆ రకం లుకేమియా పిల్లలు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారంటే, ఆ దారిలో మొదటి అడుగు అది.

ఎమినోప్టెరిన్‌కి తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఇది ఇప్పుడు కీళ్ళవాతానికి కూడా వాడతారు. మా షాపుకి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన వస్తుంటాడు. వేళ్ళ కణుపులు వాచి గ్లాసు కూడా పట్టుకోలేని స్థితి నుంచి ఈ మందుతో కుదుటపడ్డాడు. ఒకరోజు ఎవరో ఇది కేన్సర్ విషం, తింటే లివర్ పోతుందని వాయిస్ మెసేజ్ పంపితే, ఎవరికీ చెప్పకుండా మానేశాడు. నెల తిరిగేసరికి మళ్ళీ వేళ్ళు వాచాయి. నేను ఆయనకి చెప్పింది ఇక్కడ కూడా రాస్తాను, ఎందుకంటే ఆయన ఒక్కడే కాదు. కీళ్ళవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కరోజే, డాక్టర్ చెప్పిన రోజునే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, చెడు ప్రభావం తగ్గడానికి. లివర్‌కి, రక్తానికి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మానాలన్నా తగ్గించాలన్నా డాక్టర్‌తోనే తేల్చుకోవాలి. ఒకే చీటీ మీద మందూ, దాని విరోధీ రెండూ పక్కపక్కన ఉంటాయి, రెండూ ఒకే ప్రయోగశాల పుణ్యం. ఆయన విని కాసేపు ఆలోచించి, ఆ వాయిస్ మెసేజ్ పంపినతనికి ఫోన్ చేస్తానన్నాడు. చేశాడో లేదో అడగలేదు.

మూడోది బోదకాలు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకి ఫైలేరియా అంటుకుంటే మందు కోసం వెతుకులాట మొదలైంది. 1947లో లెడర్లీ నుంచి హెట్రజాన్ వచ్చింది. మనవాళ్ళు డీఈసీ అంటారు. గోదావరి జిల్లాల్లో వాచిన కాళ్ళు చూడకుండా పెరిగినవాళ్ళు నా తరంలో తక్కువ. భారత ప్రభుత్వం 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఊరందరికీ ఏడాదికోసారి మింగించే మాత్ర ఇదే. తర్వాత దీనికి ఆల్బెండజోల్ తోడైంది, ఈమధ్య కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి తన ముందే మింగమంటే, చాటుగా పారబొయ్యడం మన దగ్గర మామూలే. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిస్తే కొందరైనా మింగుతారేమో.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. బెంజమిన్ డుగ్గర్ మొక్కల తెగుళ్ళ మీద జీవితమంతా పనిచేసి విస్కాన్సిన్‌లో రిటైరైన వృక్షశాస్త్రజ్ఞుడు. డెబ్బై దాటిన ఆయన్ని లెడర్లీలో పనికి తీసుకున్నారు. దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి, అందులో బూజులా పెరిగే సూక్ష్మజీవులు ఏమైనా రోగక్రిముల్ని చంపుతాయా అని ఒక్కోటీ చూడడం ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని పాత పంట పొలం, శాన్‌బోర్న్ ఫీల్డ్ నుంచి వచ్చిన మట్టిలో ఒక బంగారు రంగు జీవి దొరికింది. దాని నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం లేచినప్పుడు జనం షాపుల ముందు క్యూలు కట్టింది ఆ కుటుంబపు మాత్రల కోసమే.

ఇక పైన చెప్పిన రోగానికి వస్తాను. ఫోలిక్ యాసిడ్ తయారైన ఒకటి రెండేళ్ళకే టామ్ స్పైస్ అనే డాక్టర్ స్ప్రూ రోగుల మీద దాన్ని వాడి ఫలితం చూశాడు. ఈనాడు ట్రాపికల్ స్ప్రూకి వైద్య పుస్తకాలు చెప్పే చికిత్స రెండు మందులు: టెట్రాసైక్లిన్, ఫోలిక్ యాసిడ్, కొన్ని నెలలు. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి వాడే రెండు మందుల్లో ఒకటీ, రెండోదాని కుటుంబంలో మొదటిదీ ఆయన ప్రయోగశాలలోనే తయారయ్యాయి. మొదటిదాని ఫలితం ఆయన బతికుండగానే తెలిసింది. రెండోది కలిపి వాడడం చూడడానికి ఆయన లేడు.

నోబెల్ సంగతి కూడా చెప్పేస్తాను. ఎవరూ దొంగిలించలేదు. హార్వర్డ్‌లో కొంత పని తొక్కిపెట్టబడింది, అది నిజమైన అన్యాయం. లెడర్లీలో మాత్రం పేరు వెనక్కి పెట్టుకున్నది ఆయనే. పదిమందిని కూర్చోబెట్టి, నువ్వు ఇది, నువ్వు అది అని దారి చూపి, పేపర్ రాసే వేళకి పక్కకి తప్పుకున్నాడు. మెసేజ్‌లు తయారు చేసేవాళ్ళకి ఒంటరి వీరుడు కావాలి కాబట్టి డోరిస్ సీగర్‌నీ, డుగ్గర్‌నీ చెరిపేస్తారు. అలా చెరిపితే సుబ్బారావు చేసిన అసలు పనే కనబడకుండా పోతుంది.

ఇంతా రాసి శేషగిరిగారిని వదిలేస్తే నాకు మనసొప్పదు. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు, పసికందుగానే పోయాడు. తండ్రి వాడి మొహం చూడలేదు. ఓడలో ఉత్తరం రావడానికి వారాలు పట్టే కాలం అది. వార్త చేరేసరికి, దానికి జవాబు వచ్చేసరికి, ఇక్కడ దుఃఖం పాతబడిపోతుంది. మనం దోహాలో డ్యూటీ దిగి వీడియో కాల్ చేసి, పిల్లాడు కొత్తగా నిలబడుతున్నాడంటే ఫోన్ దగ్గరగా పెట్టమంటాం. ఆవిడకి అదేమీ లేదు. ఏళ్ళు గడిచాయి, ఆయన రాలేదు. ప్రయోగం మధ్యలో ఉంది, ఉద్యోగం మారింది, యుద్ధం వచ్చింది. కారణాలన్నీ నిజమే కావచ్చు. భర్త పేరు మోగుతున్నా ఆవిడ ఆయన్ని మళ్ళీ చూడనే లేదు. లక్షల ప్రాణాలు నిలిపినవాడని గొప్పగా చెప్పుకునేటప్పుడు, ఆ లెక్కలో ఆవిడ జీవితాన్ని ఏ పద్దులో రాయాలో నాకు తెలియదు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, సమర్థించే మనసూ రాదు.

1948 వేసవి ఆయనకి పంట చేతికొచ్చిన కాలం. జూన్‌లో ఫార్బర్ పేపర్, జూలైలో ఆరియోమైసిన్ ప్రకటన. ఆగస్టులో గుండె ఆగి, పెర్ల్ రివర్‌లో నిద్రలోనే పోయాడు. వయసు 53. చట్టం మారి రెండేళ్ళయినా అమెరికా పౌరుడు కాలేదు. మన దేశం స్వతంత్రమై అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త కొత్తగా దొరికిన ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. 1995లో శతజయంతికి భారత తపాలా శాఖ స్టాంపు వేసింది.